చివరి క్లోరిన్

ఆ ఉక్కు రియాక్టర్‌లోకి మనిషి దిగాల్సిందే. వేరే దారి లేదు.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్. బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ. వినైల్ క్లోరైడ్ అనే వాయువును రియాక్టర్లలో ఒత్తిడికి గురిచేసి పీవీసీ తయారుచేస్తారు. మన ఇళ్లలో కుళాయి పైపులకు వాడేది ఆ పీవీసీనే. సరుకు బయటికి తీశాక కొంత గోడలకు అంటుకుని పెచ్చు కడుతుంది. గీకి తీయాలి. చేతిలో పనిముట్టు పట్టుకుని దిగడం, ముక్కుకు తియ్యటి వాసన తగలడం, తల తేలిపోయినట్టవడం, పైకొచ్చి నాలుగుసార్లు గట్టిగా గాలి పీల్చుకోవడం, మళ్లీ దిగడం, ఇలా ఏళ్ల తరబడి అదే డ్యూటీ. ఏమీ కాదనే అనుకున్నారు. ఒక్కొక్కరే ఆస్పత్రి పాలయ్యేదాకా.

ఫ్యాక్టరీ డాక్టరు పేరు జాన్ క్రీచ్. ఒక కార్మికుడి కాలేయంలో యాంజియోసార్కోమా కనిపించింది. రక్తనాళాల గోడల్లో పుట్టే క్యాన్సర్ అది. చాలామంది డాక్టర్లు ఒక్క కేసు కూడా చూడకుండానే రిటైరైపోతారు, అంత అరుదు. ఆ ఫ్యాక్టరీలోనే రెండోది బయటపడింది. తర్వాత మూడోది. 1974 జనవరిలో కంపెనీ నోరు విప్పింది. అప్పటిదాకా గాలిలో వినైల్ క్లోరైడ్ పది లక్షల పాళ్లకు 500 పాళ్లు ఉన్నా ఫర్వాలేదన్న ప్రభుత్వం, ఏడాది తిరక్కుండానే పరిమితిని ఒక్క పాలుకు దించేసింది. రియాక్టర్లు బిగించారు. గాలి కొలిచే యంత్రాలు పెట్టారు. హంతకుడు దొరికాడని ఊపిరి పీల్చుకున్నారు.

కానీ ఏ ఫ్యాక్టరీ లేని చోట, జనం ఇళ్ల కింద, చీకట్లో అదే వాయువు తనంతట తాను పుడుతోంది. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలీదు.

*

నార్త్ కరోలినా తీరం. పైన్ చెట్లు, సముద్రపు గాలి, ఒళ్లు జిడ్డెక్కించే ఉక్కపోత. క్యాంప్ లెజ్యూన్ అనే మెరైన్ సైనిక స్థావరం. అందులో సైనికుల కుటుంబాలు ఉండే కాలనీ టరావా టెర్రస్. కాలనీకి నీళ్లు బోర్ల నుంచే. ఆ బోర్లకు దగ్గర్లో, స్థావరం బయట, ఒక డ్రై క్లీనింగ్ దుకాణం.

డ్రై క్లీనింగ్‌లో నీళ్లుండవు. పెర్‌క్లోరోఎథిలీన్ ఉంటుంది. పనివాళ్ల నోట పెర్క్. జిడ్డును ఇట్టే కరిగిస్తుంది, మంట అంటుకోదు, ఉన్ని కోటు ముడుచుకుపోదు. వాడాక మిగిలిన మడ్డి మాత్రం ఎక్కడికో పోవాలి. సెప్టిక్ ట్యాంకులోకి పోయింది. ట్యాంకు నుంచి నేలలోకి. లీటరు పెర్క్ కిలోన్నర పైనే తూగుతుంది, నీటి మీద తేలే జాతి కాదు. ఇసుకలోంచి జారుతుంది, బంకమట్టి దొరికితే దాని మీద మడుగు కడుతుంది, సన్నటి పగులు కనిపిస్తే అందులోకి దూరుతుంది, అక్కడ కూర్చుని పక్కనుంచి పారే భూగర్భ జలంలోకి రోజూ ఇంత, ఏటా ఇంత అని దశాబ్దాల పాటు కరుగుతూనే ఉంటుంది. బోరు మోటారు ఆ నీటినే లాగింది. కుళాయిలోకి పంపింది.

స్నానానికి ఆ నీళ్లే. కాఫీకి ఆ నీళ్లే. పసివాళ్ల పాలసీసాలో కలిపింది ఆ నీళ్లే. 1985 ఫిబ్రవరిలో పరీక్ష చేస్తే టరావా టెర్రస్ నీటిలో లీటరుకు 215 మైక్రోగ్రాముల పెర్క్. ఇవాళ అమెరికాలో తాగునీటికి గరిష్ఠ పరిమితి 5. బోర్లు మూసేశారు. 1953 నుంచి 1987 వరకు ఆ స్థావరంలో గడిపినవాళ్లు పది లక్షల మంది దాకా ఉంటారని అంచనా. ఎన్ని ఇళ్లలో ఎన్ని కడుపులు కోత పడ్డాయో!

అయితే ఆ కాలనీ నీటి చరిత్ర తిరగేసినవాళ్లకు ఇంకొకటి తగిలింది. పెర్క్ ఒక్కటే కాదు. ట్రైక్లోరోఎథిలీన్ ఉంది. డైక్లోరోఎథిలీన్ ఉంది. ఆఖర్న వినైల్ క్లోరైడ్. డ్రై క్లీనింగ్ దుకాణంలో వినైల్ క్లోరైడ్‌తో ఎవరికీ పనిలేదు. మరి దాన్ని అక్కడ పోసిందెవరు?

*

ఖండానికి ఆ చివర కాలిఫోర్నియా. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ. 1985.

టిమొతీ వోగెల్, ఆయన ప్రొఫెసర్ పెర్రీ మెకార్టీ. ఆక్సిజన్ చొరబడని గాజు గొట్టాల్లో, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల మధ్యకు పెర్క్ పంపారు. అవతలి వైపు ఏం వస్తుందో చూస్తున్నారు.

పెర్క్ అణువు చూడ్డానికి చిన్నది. మధ్యలో రెండు కార్బన్లు, వాటి చుట్టూ నాలుగు క్లోరిన్లు. ఆ నాలుగూ కాపలా కాస్తుంటే ఆక్సిజన్‌కు కూడా లోపలికి దారి దొరకదు. అందుకే అన్నేళ్లు నేలలో చెక్కుచెదరకుండా పడి ఉంటుంది. కానీ గాలి చొరబడని బురదలో కథ మారుతోంది. ఒక క్లోరిన్ ఊడింది, దాని చోట హైడ్రోజన్ వచ్చింది. ట్రైక్లోరోఎథిలీన్. ఇంకోటి ఊడింది. డైక్లోరోఎథిలీన్. ఇంకోటి. మిగిలింది ఒకే ఒక్క క్లోరిన్.

వినైల్ క్లోరైడ్.

అంటే నేలలోని బాక్టీరియానే దాన్ని తయారుచేస్తున్నాయి. విషాన్ని విరుస్తున్నాయి, నిజమే. విరుస్తూ విరుస్తూ మొదటిదానికన్నా ఘోరమైనదాన్ని మన బావిలో వదిలేస్తున్నాయి. బాక్టీరియా చేత నీటిని శుభ్రం చేయిద్దామన్న ఇంజనీర్ల ఆశ మీద ఆ ఒక్క క్లోరిన్ బండరాయై కూర్చుంది. అది ఊడితే గెలుపు. ఊడకపోతే, అసలు ముట్టుకోకుండా ఉండడమే మేలు.

*

న్యూయార్క్ రాష్ట్రం, ఇథకా. కొండ మీద కోర్నెల్ యూనివర్సిటీ. కింద కయూగా సరస్సు. చలికాలమంతా సరస్సు మీంచి కోతగాలి, కిటికీల బయట మంచు. ప్రయోగశాలలో ఇంక్యుబేటర్ తలుపు తీస్తే మాత్రం 35 డిగ్రీల వెచ్చదనం ముఖానికి కొడుతుంది. లోపల చిన్న చిన్న గాజు సీసాలు. రబ్బరు బిరడా, దాని మీద అల్యూమినియం మూత నొక్కి బిగించి ఉంటుంది. సీసాల్లో ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రం బురద నుంచి పెంచిన సూక్ష్మజీవులు.

ప్రొఫెసర్ జేమ్స్ గాసెట్. ఆయన విద్యార్థి డేవిడ్ ఫ్రీడ్‌మన్. సీసాలోకి పెర్క్ ఎక్కించారు. తిండిగా మెథనాల్ లాంటివి ఇచ్చారు. సూదితో బిరడా గుచ్చి, లోపలి గాలి రవ్వంత లాగి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు పట్టించాలి. ఏ వాయువు ఎంత ఉందో కాగితం మీద గీతలు లేస్తాయి. పెర్క్ గీత కుంగింది. ట్రైక్లోరోఎథిలీన్ గీత లేచి కుంగింది. వినైల్ క్లోరైడ్ గీత లేచింది. ఇక్కడే అందరి దారీ ఆగిపోయింది.

ఈ సీసాలో ఆగలేదు. ఇంకో గీత లేచింది.

ఎథిలీన్. క్లోరిన్ ఒక్కటి కూడా లేనిది. చెట్టున మామిడికాయ తనంతట తాను పండేటప్పుడు వదిలే వాయువు. అయినా నమ్మేదెలా? బురదలో ఇంకేదో కుళ్లి ఎథిలీన్ పుట్టి ఉండొచ్చు కదా? రేడియోధార్మిక కార్బన్ పొదిగిన పెర్క్ వాడారు. ఆ కార్బన్ ఎక్కడికి పోతే అక్కడ కౌంటర్‌కు దొరికిపోతుంది. దొరికింది, ఎథిలీన్‌లోనే. 1989లో ప్రచురించారు. నాలుగో క్లోరిన్ ఊడుతుంది. ఊడదీసేవాడు ఈ బురదలోనే ఎక్కడో ఉన్నాడు.

ఎవడు? అనుమానం మీథేన్ పుట్టించే జీవుల మీదికి పోయింది. సీసాలో ఎక్కువగా కనిపించేవి అవే. వాటిని అణిచే రసాయనం ఒకటుంది. అది కలిపారు. మీథేన్ ఆగింది. క్లోరిన్లు ఊడడమూ ఆగింది. సాక్ష్యం సరిగ్గా అతికింది. తర్వాత ఏళ్లకు తేలింది, ఆ రసాయనం అసలు దొంగ గొంతు కూడా నొక్కుతుందని. అప్పటికైతే కేసు తప్పుదారి పట్టేసింది.

*

దారి మళ్లీ తిప్పింది టామ్ డిస్టెఫానో. గాసెట్ దగ్గరే విద్యార్థి. ఆయన చేసిన పని చూడ్డానికి మొండితనం. పెర్క్ మోతాదు పెంచాడు. ఇంకా పెంచాడు. లీటరుకు 91 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్లాడు. తాగునీటి పరిమితికి పద్దెనిమిది వేల రెట్లు. ఆ విషానికి సీసాలో అన్నీ చావాలి.

మీథేన్ గీత చతికిలబడింది. ఆ జీవుల పని అయిపోయింది. వాళ్లే దొంగలైతే పెర్క్ గీత ఇక కదలకూడదు. కదిలింది. కదలడం ఏమిటి, పరుగెత్తింది. రెండు రోజుల్లో పెర్క్ దాదాపు ఖాళీ, అందులో నూటికి ఎనభై పాళ్లు ఎథిలీన్‌గా మారిపోయింది. ఇక అనుమానం లేదు. ఈ సీసాలో ఇంకెవరో ఉన్నారు. అందరినీ చంపే విషం పోసేకొద్దీ చురుగ్గా లేస్తున్నారు.

మైక్రోబయాలజిస్టు స్టీఫెన్ జిండర్ అప్పటికే ఈ వేటలో ఉన్నాడు. ముగ్గురూ కలిసి 1991లో ఆ సంగతి ప్రచురించారు. మరుసటేడు ఇంకో ముడి విప్పారు. మెథనాల్ అసలు తిండి కాదు. మెథనాల్‌ను వేరే జీవులు తింటున్నాయి, తింటూ హైడ్రోజన్ వదులుతున్నాయి. కనపడని ఆసామి ఆ హైడ్రోజన్ అందుకుంటున్నాడు.

అప్పుడు బొమ్మ పూర్తిగా కనిపించింది. మనం తిన్న అన్నం నుంచి ఊడే ఎలక్ట్రాన్లు చివరికి మనం పీల్చిన ఆక్సిజన్ మీద వాలతాయి. ఆ దారి పొడవునా పుట్టే శక్తే మన ప్రాణం. ఈ జీవికి తిండి హైడ్రోజన్. ఎలక్ట్రాన్లను వాల్చడానికి దానికి ఆక్సిజన్ పనికిరాదు, తగిలితే చస్తుంది. దానికి కావలసింది పెర్క్. ఒక్కో క్లోరిన్ మీదికి ఎలక్ట్రాన్లను నెట్టి, దాన్ని అణువు నుంచి తెంచి, ఉప్పులో ఉండే మామూలు క్లోరైడ్‌గా నీళ్లలోకి వదిలేసి, ఆ తెగిన ప్రతిసారీ చిటికెడు శక్తి కూడబెట్టుకుని, దాంతోనే పెరిగి రెండుగా చీలుతుంది. అది విషాన్ని భరించడం లేదు. విషాన్ని ఊపిరిగా పీలుస్తోంది.

పట్టుకోవాలి. ఒంటరిగా, శుద్ధంగా, వేరే ఏ జీవీ కలవకుండా. అక్కడే అది చచ్చిపోతోంది.

*

ఆ భారం శావియర్ మైమో గాటెల్ అనే పరిశోధక విద్యార్థి మీద పడింది.

సీసాలో ఒక చుక్క తీసి కొత్త సీసాలో వేయాలి. అందులోంచి ఒక చుక్క ఇంకో సీసాలో. పలచన చేస్తూ, చేస్తూ పోతే చివరికి ఒకే జాతి మిగలాలి. చేతులు వణకకూడదు. ఇలాంటి ద్రవంలో ఒక రంగు కలుపుతారు. ఆక్సిజన్ లేనంతసేపూ అది రంగు తేలదు. గాలి రవ్వంత చొరబడితే గులాబీ రంగు తిరుగుతుంది. గులాబీ కనిపించిందంటే లోపల అంతా పోయినట్టే. నెలల పని ఒక్క సూది పోటుకు మట్టిలో కలుస్తుంది.

రంగు మారకపోయినా చస్తున్నాయి. ఇరుగుపొరుగు జీవులు తగ్గేకొద్దీ అసలు జీవి నీరసిస్తోంది. హైడ్రోజన్ ఉంది, పెర్క్ ఉంది. ఇంకేం కావాలి?

బి12 విటమిన్ కావాలి. పాలు, గుడ్లు, మాంసం ద్వారా మన ఒంట్లోకి చేరే బి12నే. దాని నడిబొడ్డున ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. క్లోరిన్ తెంచే ఎంజైము పనిముట్టు ఆ కోబాల్టే. అది లేకపోతే ఈ జీవికి ఊపిరాడదు. అంత ముఖ్యమైనదాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, పక్కవాళ్ల నుంచి తెచ్చుకోవాల్సిందే. పక్కవాళ్లను తీసేస్తే దాని ఊపిరి తీసేసినట్టే. సీసాలోకి బి12 ఎక్కించారు. అదీ చాలలేదు. మిశ్రమ జీవుల నుంచి తీసిన సారం కూడా పోస్తే తప్ప కదల్లేదు. అందులో దానికేం కావాలో అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు.

ఇంకా రెండు మూడు జాతులు జిగురుపట్టి వదలడం లేదు. చివరి ఎత్తుగా ఆంపిసిలిన్ వాడారు. బాక్టీరియా చుట్టూ ఉండే గోడ కట్టుబడిని దెబ్బతీసే మందు అది. పక్క జాతులు కూలాయి. మన జీవికి ఏమీ కాలేదు. కూలడానికి దానికి ఆ గోడే లేదు!

సూక్ష్మదర్శిని కింద అర మైక్రాన్ గుండ్రటి చుక్క. వెయ్యి పక్కపక్కన పేరిస్తే అర మిల్లీమీటరు. జన్యువులు చదివితే అప్పటికి తెలిసిన ఏ బాక్టీరియా వంశంలోనూ ఇమడలేదు. డీహాలోకొక్కాయిడిస్ ఎథెనోజెనిస్ అని పేరు పెట్టారు. రకం సంఖ్య 195. 1997 జూన్‌లో సైన్స్ పత్రికలో వచ్చింది. పెర్క్‌ను ఎథిలీన్ దాకా తీసుకెళ్లిన మొట్టమొదటి శుద్ధ బాక్టీరియా. ఊరి మురుగు బురదలో దొరికింది.

సంబరానికి వేళ లేదు. గీతలు మరోసారి చూస్తే గుండె జారింది. మొదటి మూడు క్లోరిన్లనూ 195 చకచకా ఊడదీస్తోంది. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి కాళ్లీడుస్తోంది. వినైల్ క్లోరైడ్‌తో అది పెరగలేదు, దాన్నుంచి దానికి శక్తి రాదు. ఏదో అలా కొంచెం కొంచెంగా కొరుకుతుందంతే. సీసాలో అయితే ఆగి చూడొచ్చు. కాలనీ కింద ఆగితే?

*

టెక్సస్. శాన్ ఆంటోనియో. కెల్లీ వైమానిక స్థావరం. దశాబ్దాల పాటు యుద్ధవిమానాలు విప్పి, కడిగి, బాగుచేసి పంపిన చోటు. కడగడానికి వాడిన ద్రావకాలు నేలలోకి దిగాయి. చుట్టుపక్కల బస్తీల కింది నీటిలోకీ పాకాయి.

అక్కడ ఒక ముక్క నేల ఎంచుకున్నారు. బోర్లు దించారు. కింది నీటిని తోడి, తిరిగి లోపలికే పంపుతూ గిరగిరా తిప్పుతున్నారు. ఆ నీటిలోకి మెథనాల్, అసిటేట్ కలిపారు. స్థానిక బాక్టీరియా లేచి, ఆక్సిజన్‌ను తినేసి, హైడ్రోజన్ వదలాలి, ఆ హైడ్రోజన్‌తో క్లోరిన్లు ఊడాలి. రెండు ఊడాయి. పని డైక్లోరోఎథిలీన్ దగ్గర ఆగిపోయింది. ఎంత తిండి పోసినా ముందుకు కదల్లేదు. తెంచే చేతులు ఆ నేలలో లేవు.

చేతులు టొరంటోలో ఉన్నాయి. అక్కడి యూనివర్సిటీలో ఎలిజబెత్ ఎడ్వర్డ్స్ బృందం ఒక మిశ్రమాన్ని పెంచి పోషిస్తోంది. దక్షిణ అంటారియోలో ట్రైక్లోరోఎథిలీన్‌తో పాడైన ఒక చోటి మట్టి నుంచి తీసింది. పేరు కేబీ-1. కోర్నెల్ వాళ్లు ఇరుగుపొరుగును వదిలించడానికి ఏళ్లు కష్టపడ్డారు. టొరంటో వాళ్లు ఇరుగుపొరుగుతో సహా అట్టేపెట్టారు. హైడ్రోజన్ వదిలేవాళ్లు, బి12 ఇచ్చేవాళ్లు, క్లోరిన్ తెంచేవాళ్లు, అందరూ ఒకే సీసాలో. ఆ మిశ్రమం టెక్సస్ వచ్చింది. ఇక్కడ ఒక్క పొరపాటుకూ చోటు లేదు: దారిలో గాలి తగలకూడదు. తగిలితే బోరులోకి దిగేది శవాలే.

కలిపింది 13 లీటర్లు. లోపల ఉన్నది 64,000 లీటర్ల నీరు. కుండెడు పాలకు గరిటె తోడు.

రోజులు గడిచాయి. పైన ఎండ, కింద చీకటి. నమూనా సీసాలు ప్రయోగశాలకు పోతున్నాయి, వస్తున్నాయి. ఆగిపోయిన గీత కదిలింది. డైక్లోరోఎథిలీన్ కుంగింది, వినైల్ క్లోరైడ్ లేచింది. ఒళ్లు జలదరించే దశ అదే. శుభ్రం చేస్తామని చెప్పిన చోట, సైన్యం నేలలో, ఆ చుట్టూ మనుషులు కాపురముంటున్న ఊళ్లో, మూడు క్లోరిన్లు ఊడి ఒక్కటి మిగిలిన నీరు బోరులోంచి వస్తోంది, ఇక్కడ ఆగితే చేతులారా క్యాన్సర్ కారకాన్ని తయారుచేసిపెట్టినట్టవుతుంది.

ఆగలేదు. ఎథిలీన్ లేచింది.

200 రోజుల్లోపు పెర్క్, ట్రైక్లోరోఎథిలీన్, డైక్లోరోఎథిలీన్ మూడూ లీటరుకు 5 మైక్రోగ్రాముల కిందికి పడిపోయాయి. పోయిందంతా ఎథిలీన్ రూపంలో లెక్కకు వచ్చింది. పక్కనే తిండి మాత్రం పోసి, కేబీ-1 కలపని నేల ఉంది. అక్కడ డైక్లోరోఎథిలీన్ అలాగే నిలబడి ఉంది. 2002లో ఫలితాలు అచ్చయ్యాయి. పని జరిగింది. కానీ ఆ గుంపులో నాలుగో క్లోరిన్‌ను అంత జోరుగా తెంచింది ఎవరు? 195 అయితే కాదు. దాని నడక అందరికీ తెలుసు.

*

జవాబు మిషిగన్ నుంచి వచ్చింది. హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఆస్కోడా అనే ఊరు. అక్కడా పెర్క్ కరిగిన నీరు నేల కింద సరస్సు వైపు పాకుతోంది. ఆ నేల నుంచి తీసిన జీవుల్ని జార్జియా టెక్‌లో ఫ్రాంక్ లాఫ్లర్ బృందం పెంచింది. జియాన్‌జోంగ్ హె అనే పరిశోధకురాలు వాటికి పెర్క్ పెట్టలేదు. వినైల్ క్లోరైడ్ పెట్టారు. ఊపిరికి అదొక్కటే. దాంతో బతకగలిగితే బతకండి, లేకపోతే పోండి.

ఒకటి బతికింది. పెరిగింది. 195కు దగ్గరి చుట్టం. బీఏవీ1 అన్నారు. 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. 195 ఈడ్చుకుంటూ చేసిన పనిని ఇది బతుకుతెరువుగా చేసుకుంది. వినైల్ క్లోరైడ్ ఎంత ఉంటే అంత పెరుగుతుంది, అయిపోతే నీరసిస్తుంది. మరుసటేడు దాన్ని తెంచే జన్యువులు కూడా దొరికాయి. బీఏవీ1లో ఒకటి, టెక్సస్‌లోని విక్టోరియా నుంచి వచ్చిన ఇంకో రకంలో మరొకటి. ఆ రెండోదాని పేరు వీసీఆర్ఏ. కేబీ-1లో పనిచేస్తున్నదీ ఆ జన్యువే.

2005లో 195 జన్యుపటం మొత్తం చదివారు. రేఖా శేషాద్రి మొదటి రచయిత్రిగా అది సైన్స్‌లో వచ్చింది. 14,69,720 అక్షరాలు. మన పేగుల్లో ఉండే ఈ-కోలైకి ఉన్నదాంట్లో మూడో వంతు. అంత చిన్న పుస్తకంలో క్లోరిన్ తెంచే ఎంజైములకే 17 జన్యువులు. చక్కెర తిని బతికే దారి లేదు, ఆక్సిజన్ పీల్చే దారి లేదు. వేరే బతుకులన్నీ వదులుకుని ఈ ఒక్క విద్య నేర్చిన జీవి. 2013లో శాస్త్రజ్ఞులు ఈ రకాలన్నిటినీ ఒకే జాతిగా కలిపి డీహాలోకొక్కాయిడిస్ మెకార్టీ అని పేరు మార్చారు. స్టాన్‌ఫర్డ్ గాజు గొట్టాల దగ్గర ఆ వరసను మొదట చూసినవాళ్లలో ఒకరైన పెర్రీ మెకార్టీ పేరది.

*

ఇప్పుడు ఇంజనీరు బోరు దగ్గరికి రాగానే మొదట అడిగేది ఒకటే. ఈ నీటిలో వీసీఆర్ఏ ఉందా?

లీటరు నీటిలో కోటి దాకా డీహాలోకొక్కాయిడిస్ కణాలుంటే ఎథిలీన్ దాకా పోతుందన్న ధైర్యం ఉంటుంది. లేకపోతే తోడు వెయ్యాలి. ముందు నేలలోని ఆక్సిజన్ పోగొట్టాలి. వంటనూనెను నీళ్లలో చిలికి పాలలా చేసి లోపలికి పంపుతారు, అది మెల్లగా పులిసి నెలల తరబడి హైడ్రోజన్ ఇస్తుంది. తర్వాత ఉక్కు పాత్రలో వచ్చిన కల్చర్‌ను, గాలి తగలకుండా, జడ వాయువుతో నెట్టి గొట్టం గుండా అడుగుకు దించుతారు.

దించడంతో పని అయిపోదు. ఊడిన ప్రతి క్లోరిన్‌తో పాటూ నీటిలో ఆమ్లం పుడుతుంది. పుల్లదనం ముదిరితే ఈ జీవులు చేతులు ముడుచుకుంటాయి, అప్పుడు సోడా కలిపి సర్దాలి. బంకమట్టి పగుళ్లలో ఇరుక్కున్న పెర్క్ తొందరపడదు. ఏళ్లకేళ్లు తన లెక్కన తాను బయటికొస్తుంది. అన్నేళ్లూ నూనె అందాలి. ఒక ఏడు బడ్జెట్ కోతపడి నూనె ఆగిందా, హైడ్రోజన్ ఆగుతుంది. హైడ్రోజన్ ఆగితే వరస మధ్యలో తెగుతుంది. ఎక్కడ తెగుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. నాలుగో మెట్టు ముందు తెగితే మిగిలేది వినైల్ క్లోరైడే.

దానికి తాగునీటిలో పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములు. పెర్క్‌కు ఇచ్చినదాంట్లో సగం కూడా లేదు. అందుకే పెర్క్ కనుమరుగైందన్న రిపోర్టు వచ్చాక కూడా, కొన్ని నెలలకోసారి వాన్ వస్తుంది, బోరు మూత తెరుస్తారు, నీళ్లు తోడి సీసాలో బుడగ మిగలకుండా నింపి బిగిస్తారు. క్రొమటోగ్రాఫ్ కాగితం మీద పెర్క్ గీత ఉండే చోటు ఖాళీగా ఉంటుంది. వాళ్లు అది చూడరు. పక్క గీతలు చూస్తారు, ఎథిలీన్ ఎంత, వినైల్ క్లోరైడ్ ఎంత అని.